డన్జన్స్ అండ్ డ్రాగన్స్‌లో తొలి క్యారెక్టర్: ఏ క్లాస్ గట్టిగా నిలబడుతుంది?

డన్జన్స్ అండ్ డ్రాగన్స్ అంటే టేబుల్ చుట్టూ కూర్చుని, పాచికలు వేస్తూ, ఒక్కొక్కరూ ఒక్కో పాత్రగా ఆడే ఆట. క్లాస్ అంటే ఆ పాత్ర వృత్తి: ఫైటర్ యోధుడు, విజార్డ్ మంత్రగాడు, క్లెరిక్ పూజారి. దాని ఐదో ఎడిషన్‌లో ప్రాణం అన్నిటికంటే పల్చగా ఉండేది మొదటి లెవెల్లోనే. కాన్‌స్టిట్యూషన్ (ఒంటి గట్టిదనం) 15 పెట్టుకున్న విజార్డ్‌కి కూడా అప్పుడు 8 హిట్ పాయింట్లే (హెచ్‌పీ, అంటే ప్రాణం కొలత). గాబ్లిన్ అనే చిన్న రాక్షసుడి కత్తి దెబ్బ 1డీ6+2 (ఆరు ముఖాల పాచిక ఒకటి వేసి 2 కలపాలి), అంటే సగటున ఐదున్నర. రెండు దెబ్బలు తగిలితే విజార్డ్ నేల మీదే. అదే విజార్డ్ ఐదో లెవెల్‌కి చేరితే 32 హిట్ పాయింట్లుంటాయి, గాబ్లిన్ దెబ్బ మాత్రం అంతే. కాబట్టి గట్టి క్లాస్ ఏదన్న ప్రశ్నకి జవాబు ముందు 1 నుంచి 3 లెవెళ్ల మధ్య వెతకాలి. ఇరవయ్యో లెవెల్ బలాలు చూసి ఎంచుకున్నవాళ్లకి చాలాసార్లు మూడో సెషన్ కాకముందే క్యారెక్టర్ చచ్చి కొత్త షీట్ రాసుకోవాల్సి వస్తుంది.

మా సలహా ముందే చెప్పేస్తాం. ఆట కొత్త, డీఎం (డన్జన్ మాస్టర్, ఆట నడిపేవారు) ఎలా నడుపుతారో తెలియదు, రూల్స్ పుస్తకం ఇంకా పూర్తిగా చదవలేదు అంటే షీల్డ్ పట్టిన ఫైటర్ తీసుకోండి. స్పెల్స్ (మంత్రాలు) చదివే ఓపిక ఉంటే లైఫ్ డొమైన్ (వైద్యం వైపు మొగ్గే శాఖ) క్లెరిక్ ఇంకా గట్టిది, కాకపోతే సరైన టర్న్‌లో సరైన స్పెల్ వాడాలి. బార్బేరియన్ రేజ్‌లో (ఉగ్రావేశంలో) ఉన్నంతసేపూ కొండే, రేజ్ అయిపోయాక మామూలు మనిషి. పాలడిన్ (దైవబలమున్న యోధుడు) గొప్పదనం ఆరో లెవెల్లో మొదలవుతుంది. జంతురూపం ఎత్తే మూన్ డ్రూయిడ్ మొదటి లెవెల్లో బలహీనం, రెండో లెవెల్లో ఎవరికీ అందదు.

ఈ లెక్కలన్నీ 2014 ప్లేయర్స్ హ్యాండ్‌బుక్ ప్రకారం వేసినవి. 2024లో వచ్చిన సవరించిన రూల్స్‌లో ఏం మారిందో చివర్లో చెప్పాం. మీ టేబుల్ మీద ఏది నడుస్తోందో క్యారెక్టర్ రాయకముందే డీఎంని అడగండి. పుస్తకం కొనకుండా మొదలుపెట్టాలంటే ఎస్‌ఆర్‌డీ 5.1 (మూల నియమాల పత్రం) ఉచితంగా దొరుకుతుంది. పన్నెండు క్లాసులూ, ఒక్కో క్లాస్‌కి ఒక్కో సబ్‌క్లాసూ అందులో ఉన్నాయి.

ఒకే కొలబద్ద మీద

హిట్ డైస్ (ప్రాణం లెక్కకి వాడే పాచిక) పెద్దదైతే క్లాస్ గట్టిదనుకోవడం అందరూ మొదట చేసే పొరపాటు. బార్బేరియన్‌కి డీ12, ఫైటర్‌కీ పాలడిన్‌కీ డీ10, క్లెరిక్‌కి డీ8. మొదటి లెవెల్లో ఒక మెట్టుకీ ఇంకో మెట్టుకీ తేడా 2 హిట్ పాయింట్లే, అంటే సగం దెబ్బ కూడా కాదు. ఐదో లెవెల్‌కి కూడా కాన్‌స్టిట్యూషన్ బోనస్ +2 (అంకె 14 లేదా 15 అయితే వచ్చేది) ఉంటే బార్బేరియన్‌కి 50, ఫైటర్‌కి 44, క్లెరిక్‌కి 38. అసలు తేడా తెచ్చేవి వేరే ఉన్నాయి: దెబ్బ తగలకుండా ఆపే ఆర్మర్ క్లాస్ (ఏసీ), తగిలిన దెబ్బని సగం చేసే రెసిస్టెన్స్, పోయిన ప్రాణాన్ని ఆట మధ్యలోనే తిరిగి తెచ్చుకునే దారి.

అందరికీ సాధారణ హ్యూమన్‌నీ, స్టాండర్డ్ ఎరేనీ (ఆరు సామర్థ్యాలకి పంచుకునే అంకెలు) తీసుకుందాం. 15, 14, 13, 12, 10, 8కి అన్నిటా ఒకటి కలిపితే 16, 15, 14, 13, 11, 9. ఎదుట +4తో కొట్టే గాబ్లిన్: 20 ముఖాల పాచిక వేసి 4 కలిపితే మీ ఏసీని చేరాలి, అప్పుడే దెబ్బ తగులుతుంది. క్రిటికల్ దెబ్బలు (20 పడితే దెబ్బ పాచికలు రెట్టింపు) కూడా కలిపి, ఒక్కో క్యారెక్టర్ సగటున ఎన్ని దాడులు తట్టుకుంటుందో లెక్కేస్తే ఇలా వస్తుంది.

• ఫైటర్, చెయిన్ మెయిల్ (గొలుసు కవచం), షీల్డ్, డిఫెన్స్ స్టైల్ (ఏసీకి 1 కలిపే పోరు పద్ధతి): ఏసీ 19, 12 హెచ్‌పీ. దాదాపు 6 నుంచి 7 దాడులు. సెకండ్ విండ్ (తన ప్రాణం తానే తిరిగి తెచ్చుకునే శక్తి) వాడితే 10.
• బార్బేరియన్, కవచం లేదు, షీల్డ్ లేదు: ఏసీ 14, 14 హెచ్‌పీ. రేజ్‌లో 9 నుంచి 10 దాడులు. రేజ్ లేకపోతే 4.
• అదే బార్బేరియన్ షీల్డ్‌తో: ఏసీ 16. రేజ్‌లో 11 నుంచి 12. రేజ్ లేకపోతే 5.
• పాలడిన్, చెయిన్ మెయిల్, షీల్డ్: ఏసీ 18, 12 హెచ్‌పీ. 5 నుంచి 6. లే ఆన్ హ్యాండ్స్ (చేత్తో తాకి నయం చేయడం) కలిపితే 8.
• లైఫ్ క్లెరిక్, చెయిన్ మెయిల్, షీల్డ్: ఏసీ 18, 10 హెచ్‌పీ. దాదాపు 5. హీలింగ్ వర్డ్ అనే నయంచేసే స్పెల్ రెండుసార్లూ తనమీదే వాడుకుంటే 12 పైన.
• విజార్డ్, మేజ్ ఆర్మర్ (మంత్రకవచం) వేసుకుని: ఏసీ 15, 8 హెచ్‌పీ. 2 నుంచి 3.

ఇవి సగటులు. నలుగురు గాబ్లిన్లు ఒకే రౌండ్‌లో మీద పడి ఒకడికి 20 పడితే ఈ లెక్కలేవీ ఆదుకోవు. అయినా క్లాసుల మధ్య దూరం ఎంతో ఇందులో తెలుస్తుంది. షీల్డ్ ధర 10 గోల్డ్ పీసులు. అదొక్కటే బార్బేరియన్‌కి దాదాపు రెండు దాడుల ఆయుష్షు ఇస్తోందని గమనించండి. డబ్బుతో అంత చవగ్గా దొరికే ప్రాణం మొదటి లెవెల్లో ఇంకొకటి లేదు.

ఫైటర్

ఫైటర్‌కి మొదటి సరంజామాలో చెయిన్ మెయిల్ ఉచితంగా వస్తుంది. విడిగా కొంటే 75 గోల్డ్. బరువు 55 పౌండ్లు, స్ట్రెంగ్త్ 13 ఉండాలి. అంతకన్నా తక్కువైతే నడక 10 అడుగులు తగ్గుతుంది. దీన్ని వేసుకుంటే స్టెల్త్‌కి (చప్పుడు కాకుండా నక్కడానికి) డిస్అడ్వాంటేజ్ (పాచిక రెండుసార్లు వేసి తక్కువది తీసుకోవడం) తప్పదు, అందుకని దొంగతనంగా లోపలికి వెళ్లే పథకాల్లో ఫైటర్ వెనకాలే ఉండాలి. ఆయుధం దగ్గర "ఒక మార్షల్ ఆయుధం, షీల్డ్" అన్న వరస ఎంచుకోండి. లెదర్ ఆర్మర్, లాంగ్‌బో ఉన్న వరస తీసుకుంటే గట్టిదనం మాట మర్చిపోవచ్చు.

గ్రేట్‌స్వర్డ్ మీద మోజు సహజం. దాని వాదన కూడా వినాలి. గాబ్లిన్‌కి 7 హిట్ పాయింట్లు. స్ట్రెంగ్త్ 16 ఉంటే గ్రేట్‌స్వర్డ్ దెబ్బ 2డీ6+3. తగిలితే 36లో 33సార్లు గాబ్లిన్ అక్కడికక్కడే చస్తుంది. లాంగ్‌స్వర్డ్ ఒంటి చేత్తో 1డీ8+3, తగిలినా ఎనిమిదిలో ఐదుసార్లే చంపుతుంది. చచ్చిన గాబ్లిన్ తిరిగి కొట్టదు కాబట్టి ఇది కూడా రక్షణే. కానీ మధ్యేమార్గం ఒకటుంది: షీల్డ్ ఉంచుకుని డిఫెన్స్ బదులు డ్యూయెలింగ్ స్టైల్ (దెబ్బకి 2 కలిపేది) తీసుకోవడం. అప్పుడు దెబ్బ 1డీ8+5, ఎనిమిదిలో ఏడుసార్లు చంపుతుంది, ఏసీ 18 దగ్గర నిలుస్తుంది. ముందువరసలో మీరొక్కరే అయితే డిఫెన్స్, పక్కన ఇంకొకరు నిలబడుతుంటే డ్యూయెలింగ్. గ్రేట్‌స్వర్డ్‌ని ప్లేట్ ఆర్మర్ కొనే రోజు దాకా వాయిదా వేయండి. ప్లేట్ 1,500 గోల్డ్, కాబట్టి ఆ రోజు అంత తొందరగా రాదు. మధ్యలో 200 గోల్డ్‌కి స్ప్లింట్ ఉంది, బేస్ ఏసీ 17, స్ట్రెంగ్త్ 15 కావాలి.

సెకండ్ విండ్ 1డీ10+లెవెల్, బోనస్ యాక్షన్‌తో (టర్న్‌లో మామూలు యాక్షన్ కాక దొరికే చిన్న పని). షార్ట్ రెస్ట్ తీసుకుంటే మళ్లీ వస్తుంది. కొత్తవాళ్లు దీన్ని దాచుకుని దాచుకుని, స్పృహ తప్పాక గుర్తు చేసుకుంటారు. స్పృహ లేనివాడికి బోనస్ యాక్షన్ ఉండదు. 12లో 6కి దిగితే వాడేయండి, తర్వాత గంటసేపు షార్ట్ రెస్ట్ అడగండి. టేబుల్ మీద షార్ట్ రెస్ట్ అడగడం మొహమాటమనిపించవచ్చు. ఫైటర్‌కి మాత్రం అది క్లాస్ ఇచ్చిన హక్కు.

చెయిన్ మెయిల్ ఏసీకి డెక్స్‌టెరిటీతో (చురుకుదనంతో) పనిలేదు. అందుకే ఫైటర్ షీట్‌లో స్ట్రెంగ్త్ 16, కాన్‌స్టిట్యూషన్ 15 పెట్టాక 14ని డెక్స్‌టెరిటీలో కాకుండా విజ్‌డమ్‌లో పెట్టండి. కారణం సేవ్‌ల (స్పెల్స్ లాంటివాటిని తప్పించుకోవడానికి వేసే పాచిక) దగ్గర చెప్తాం.

బార్బేరియన్

రేజ్‌లో ఉన్నప్పుడు మొద్దు దెబ్బలు, పోట్లు, కోతలు మూడూ సగానికి పడిపోతాయి, అదీ కిందికి సర్ది. గాబ్లిన్ 3 కొడితే మీకు తగిలేది 1. ఈ సర్దుబాటు చిన్న దెబ్బల మీద బాగా పనిచేస్తుంది కాబట్టి మొదటి లెవెళ్లలో రేజ్ విలువ కాగితం మీద కనిపించేదానికంటే ఎక్కువే.

చిక్కంతా సంఖ్యలో ఉంది. 1, 2 లెవెళ్లలో లాంగ్ రెస్ట్‌కి (రాత్రి విశ్రాంతికి) రెండు రేజ్‌లే, మూడో లెవెల్లో మూడు. 2014 డన్జన్ మాస్టర్స్ గైడ్ ఒక సాహస దినానికి ఆరు నుంచి ఎనిమిది మధ్యస్థ లేదా కష్టమైన పోరాటాలు తట్టుకోవచ్చని లెక్క వేసింది. అన్ని పోరాటాలు పెట్టే డీఎం దగ్గర బార్బేరియన్ సగం రోజు ఏసీ 14తో తిరుగుతాడు. రోజుకి ఒకటో రెండో పెద్ద పోరాటాలు పెట్టే డీఎం దగ్గర ఇదే క్లాస్ అన్నిటికంటే గట్టిది. క్యారెక్టర్ రాయకముందు డీఎంని అడగాల్సిన ప్రశ్న ఇదే.

రేజ్ ఒక నిమిషం ఉంటుంది. కానీ మీ గత టర్న్ తర్వాత శత్రువు మీద దాడి చేయకుండా, దెబ్బ కూడా తినకుండా మీ టర్న్ ముగిస్తే మధ్యలోనే ఆగిపోతుంది. శత్రువు 60 అడుగుల దూరంలో ఉండగానే రేజ్ ఎక్కి పరిగెత్తి, చేరలేకపోతే ఒక రేజ్ వృథా. సరంజామాలో నాలుగు జావలిన్లు ఇచ్చింది ఇందుకే: విసిరితే అది దాడే, రేజ్ నిలబడుతుంది. రేజ్ ఇచ్చే +2 డ్యామేజ్ మాత్రం విసిరిన దెబ్బకి కలవదు. ఇక రెండు దెబ్బలు తిన్నాక రేజ్ ఎక్కడం చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే. పోరాటం జరిగేది ఖాయమనిపిస్తే మొదటి టర్న్‌లోనే ఎక్కండి.

బార్బేరియన్ సరంజామాలో కవచం లేదు, షీల్డూ లేదు. సోల్జర్ బ్యాక్‌గ్రౌండ్ తీసుకుంటే జేబులో 10 గోల్డ్ వస్తుంది, సరిగ్గా ఒక షీల్డ్ ధర. గ్రేట్ ఆక్స్ బదులు బ్యాటిల్ ఆక్స్ తీసుకుని, ఆ 10 గోల్డ్ షీల్డ్ మీద పెట్టండి. షీల్డ్ ఉన్నా అన్ఆర్మర్డ్ డిఫెన్స్ (కవచం లేనప్పుడు కాన్‌స్టిట్యూషన్ బోనస్ ఏసీకి కలవడం) పనిచేస్తుంది. తర్వాత 50 గోల్డ్ చేతికొస్తే స్కేల్ మెయిల్ కొనండి. డెక్స్‌టెరిటీ 14తో ఏసీ 16, షీల్డ్‌తో 18. మీడియం ఆర్మర్‌లో రేజ్ చెల్లుతుంది, హెవీ ఆర్మర్‌లో చెల్లదు.

రెండో లెవెల్లో వచ్చే రెక్‌లెస్ అటాక్‌ని ప్రతి టర్న్ వాడటం బార్బేరియన్లు చచ్చే ఇంకో దారి. మీకు అడ్వాంటేజ్ (పాచిక రెండుసార్లు వేసి పెద్దది తీసుకోవడం) వచ్చినట్టే మీ తర్వాతి టర్న్ దాకా అందరికీ మీమీద అడ్వాంటేజ్ వస్తుంది. చుట్టూ నలుగురున్నప్పుడు వద్దు. ఎదుట ఒకే పెద్ద శత్రువు ఉండి, మీరు రేజ్‌లో ఉంటే వాడండి.

క్లెరిక్

లైఫ్ డొమైన్ తీసుకుంటే హెవీ ఆర్మర్ వస్తుంది, సరంజామాలోనే చెయిన్ మెయిల్ ఎంచుకోవచ్చు, షీల్డ్ ఎలాగూ ఉంది. కాబట్టి కవచం విషయంలో పాలడిన్‌తో సమానం. పైగా రెండు స్పెల్ స్లాట్లు, అంటే లాంగ్ రెస్ట్ దాకా రెండు స్పెల్స్ వేయవచ్చు. విజ్‌డమ్ 16తో హీలింగ్ వర్డ్ 1డీ4+3, లైఫ్ డొమైన్ దానికి ఇంకో 3 కలుపుతుంది. సగటున ఎనిమిదిన్నర, అదీ బోనస్ యాక్షన్‌తో, 60 అడుగుల దూరం దాకా. మొదటి లెవెల్లో అది దాదాపు ఒక మనిషి ప్రాణం.

పట్టికలో చెప్పిన 12 దాడులు నిజంగా దక్కాలంటే స్పెల్ సమయానికి పడాలి. 10 హెచ్‌పీ ఉన్న క్లెరిక్‌కి ఒక దెబ్బ తగిలితే నాలుగో ఐదో మిగులుతాయి. హీలింగ్ వర్డ్ వాడాల్సింది అప్పుడే. ఇంకో దెబ్బ కోసం ఆగితే స్పృహ తప్పుతుంది, రెండు స్లాట్లూ వాడకుండానే మిగిలిపోతాయి. ముందే వాడితే నిండిన కుండలో నీళ్లు పోసినట్టు పైది వృథా. రెండో దారి, పోరాటం మొదట్లోనే షీల్డ్ ఆఫ్ ఫెయిత్. ఏసీ 20 అవుతుంది, గాబ్లిన్‌కి 16 పడితేగానీ తగలదు. పది నిమిషాల దాకా నిలుస్తుంది కానీ కాన్సన్‌ట్రేషన్ (ఏకాగ్రత, చెడితే స్పెల్ పోతుంది) కావాలి. దెబ్బ తగిలినప్పుడల్లా కాన్‌స్టిట్యూషన్ సేవ్ వేయాలి, కనీసం డీసీ (చేరాల్సిన అంకె) 10.

చేతుల సంగతి చాలామంది పట్టించుకోరు. ఒక చేతిలో మేస్, ఇంకో చేతిలో షీల్డ్ ఉంటే చేతి కదలిక కావాల్సిన క్యూర్ వూండ్స్ వేయడానికి రూల్ ప్రకారం ఖాళీ చెయ్యి లేదు. హోలీ సింబల్ షీల్డ్ మీద చెక్కించుకుంటే మెటీరియల్ కాంపొనెంట్ (చేతిలో ఉండాల్సిన వస్తువు) ఉన్న స్పెల్స్‌కి, అంటే బ్లెస్, షీల్డ్ ఆఫ్ ఫెయిత్ లాంటివాటికి, అదే చెయ్యి సరిపోతుంది. హీలింగ్ వర్డ్‌కి నోటిమాట చాలు. కట్టుదిట్టంగా రూల్స్ పాటించే డీఎం దగ్గర ముందువరస క్లెరిక్‌కి హీలింగ్ వర్డ్ మేలు కావడానికి ఇదొక కారణం. ఇంకో రూల్ కూడా ఉంది: బోనస్ యాక్షన్‌తో స్పెల్ వేసిన టర్న్‌లో యాక్షన్‌తో కాన్‌ట్రిప్ (స్లాట్ ఖర్చు కాని చిన్న స్పెల్) మాత్రమే వేయవచ్చు. మేస్‌తో కొట్టడానికి అడ్డు లేదు.

పాలడిన్, డ్రూయిడ్, మిగతావాళ్లు

పాలడిన్‌కి మొదటి లెవెల్లో ఉన్నది కవచం, లే ఆన్ హ్యాండ్స్ 5 పాయింట్లు. అది యాక్షన్ తింటుంది కాబట్టి పోరాటం మధ్యలో తనమీద వాడుకోవడం కంటే పడిపోయినవాడికి ఒక్క పాయింట్ ఇచ్చి లేపడం లాభం. అయిదు పాయింట్లంటే ఐదుసార్లు లేపవచ్చు. రెండో లెవెల్లో ఫైటింగ్ స్టైల్, స్మైట్ (స్లాట్ ఖర్చుపెట్టి దెబ్బ పెంచడం) వస్తాయి. ఆరో లెవెల్లో ఆరా ఆఫ్ ప్రొటెక్షన్ వస్తుంది: మీకూ, 10 అడుగుల్లోపు ఉన్న స్నేహితులకీ ప్రతి సేవ్ మీద కరిస్మా బోనస్ కలుస్తుంది. అక్కడ్నుంచి మొత్తం గుంపునే గట్టిపరిచే క్లాస్ ఇది. క్యాంపెయిన్ ఆ లెవెల్ దాటుతుందన్న నమ్మకం ఉంటే కళ్లు మూసుకుని తీసుకోవచ్చు. ఒక్క సెషన్‌లో ముగిసే ఆటకి ఫైటర్ చాలు.

డ్రూయిడ్‌కి మొదటి లెవెల్లో లెదర్ ఆర్మర్, చెక్క షీల్డ్, ఏసీ 15, 10 హెచ్‌పీ. మూడు దాడులకి పడిపోవచ్చు. 300 ఎక్స్‌పీ (అనుభవ పాయింట్లు) వచ్చి రెండో లెవెల్లో సర్కిల్ ఆఫ్ ద మూన్ తీసుకున్న క్షణం నుంచి బోనస్ యాక్షన్‌తో బ్రౌన్ బేర్ కావచ్చు. ఎలుగుకి 34 హెచ్‌పీ, ఏసీ 11 మాత్రమే. అయినా గాబ్లిన్లు ఎనిమిది దాడులు చేస్తేగానీ ఎలుగు రూపం పోదు, పోయాక మీ సొంత హెచ్‌పీ అలాగే ఉంటుంది (చివరి దెబ్బలో మిగిలిన భాగం మీకు తగులుతుంది). షార్ట్ రెస్ట్‌కి రెండుసార్లు మారవచ్చు. 2 నుంచి 4 లెవెళ్ల దాకా ఇంత ప్రాణం ఎవరికీ లేదు. మూడు అడ్డంకులు గుర్తుంచుకోండి: ఆ జంతువుని మీ క్యారెక్టర్ అంతకుముందు చూసి ఉండాలి, ఎలుగు రూపంలో స్పెల్స్ వేయలేరు, మాట్లాడలేరు. ఇక ఎలుగు లార్జ్ సైజ్, కాబట్టి ఐదడుగుల సందుల్లో ఇరుక్కుని డిస్అడ్వాంటేజ్‌తో పోరాడాలి. క్యాంపెయిన్ మూడో లెవెల్లో మొదలవుతుందని డీఎం చెబితే మా మొదటి ఓటు దీనికే.

మాంక్, రోగ్, రేంజర్ తప్పించుకుని బతికే క్లాసులు. ముందువరసలో నిలబెట్టకండి.

గట్టిగా ఉన్నా గుంపు చచ్చిపోవడం

వీడియో గేముల నుంచి వచ్చినవాళ్లు టాంక్ (దెబ్బలు తానే కాసే పాత్ర) అనగానే శత్రువులు తమ మీదికే వస్తారనుకుంటారు. ఐదో ఎడిషన్‌లో ఆ ఏర్పాటు మామూలుగా లేదు. బుద్ధి ఉన్న శత్రువు ఏసీ 19ని రెండుసార్లు కొట్టి, తగలక, పక్కనుంచి విజార్డ్ దగ్గరికి వెళ్తాడు. ఆపడానికి మీకున్నది ఆపర్చునిటీ అటాక్ (వదిలి వెళ్లేవాడి మీద వేసే దెబ్బ) ఒక్కటే, రౌండ్‌కి ఒక రియాక్షన్. అందుకే నిలబడే చోటు కవచంతో సమానం: ఐదడుగుల గుమ్మంలో, వంతెన మొదట్లో, మెట్ల మీద. బయలు ప్రదేశమైతే శత్రువుని గ్రాపుల్ చేయండి (పట్టుకుని ఆపండి). ఒక దాడి బదులు అథ్లెటిక్స్ పోటీ. గెలిస్తే వాడి వేగం సున్నా. స్ట్రెంగ్త్ చెక్‌లకి రేజ్‌లో అడ్వాంటేజ్ ఉంటుంది కాబట్టి ఈ పని బార్బేరియన్ అందరికంటే బాగా చేస్తాడు. ఫైటర్ అయితే డిఫెన్స్, డ్యూయెలింగ్ కాక ప్రొటెక్షన్ స్టైల్ కూడా ఉంది: ఐదడుగుల్లో ఉన్న స్నేహితుడి మీద దాడికి రియాక్షన్‌తో డిస్అడ్వాంటేజ్. విజార్డ్ మీ పక్కనే ఉండటానికి ఒప్పుకుంటేనే దానికి విలువ.

రెండోది సేవ్‌లు. ఏసీ ఎంతున్నా మనసు మీద పడే స్పెల్ ఆగదు. కల్ట్ ఫెనాటిక్ లాంటి తక్కువ స్థాయి శత్రువు దగ్గరే హోల్డ్ పర్సన్ (మనిషిని కదలకుండా బంధించే స్పెల్) ఉంది, డీసీ 11. విజ్‌డమ్ 9 పెట్టుకున్న ఫైటర్ 45 శాతం తప్పించుకుంటాడు. 14 పెట్టుకుంటే 60 శాతం. విజ్‌డమ్ 13 ఉన్న పాలడిన్‌కి ఆ సేవ్‌లో ప్రొఫిషెన్సీ (శిక్షణ, మొదట +2) ఉంది కాబట్టి 65, విజ్‌డమ్ 16 క్లెరిక్‌కి 75. చిక్కుకుంటే ఐదడుగుల్లోంచి తగిలే ప్రతి దెబ్బా క్రిటికలే. ఫైటర్ షీట్‌లో ఆ 14 ఎక్కడ పెట్టాలన్నది అందుకే ముఖ్యం. ఘూల్ గోళ్ల పక్షవాతం మాత్రం కాన్‌స్టిట్యూషన్ మీద, డీసీ 10: అక్కడ ఫైటర్, బార్బేరియన్ 75 శాతంతో మిగతావాళ్ల కంటే ముందున్నారు.

రాత్రి దాడులు మూడోది. చెయిన్ మెయిల్ వేసుకోవడానికి 10 నిమిషాలు పడుతుంది, స్కేల్ మెయిల్‌కి 5. నిద్రలో దాడి జరిగితే ఫైటర్, పాలడిన్, క్లెరిక్ ముగ్గురూ షీల్డ్ మాత్రమే అందుకుని పోరాడాలి. ఆ ఒక్క రాత్రి బార్బేరియన్ ఏసీ మారదు. కవచంతోనే పడుకోవచ్చా అంటే, 2017లో వచ్చిన ఐచ్ఛిక రూల్ ప్రకారం మీడియం, హెవీ ఆర్మర్‌లో నిద్రపోతే లాంగ్ రెస్ట్‌లో హిట్ డైస్ నాలుగో వంతే తిరిగి వస్తాయి. మీ డీఎం ఆ రూల్ వాడకపోతే సమస్యే లేదు. వాడితే కాపలా వరసలు వేసుకునేటప్పుడు కవచం వేసుకున్నవాళ్లలో ఒకరు ఎప్పుడూ మెలకువగా ఉండేలా చూడండి.

పడిపోయాక ఏమవుతుందో కూడా తెలిసి ఉండాలి. సున్నాకి వచ్చినవాడు టర్న్‌కో డెత్ సేవ్ వేస్తాడు, 10 లేదా పైన పడితే గెలుపు. మూడు గెలుపులకి స్థిరపడతాడు, మూడు ఓటములకి చస్తాడు. పడి ఉన్నవాడిని పక్కనే నిలబడి కొడితే అది క్రిటికల్, రెండు ఓటములు. సున్నాకి దించాక మిగిలిన డ్యామేజ్ మీ గరిష్ఠ హెచ్‌పీతో సమానమైతే సేవ్ లేకుండానే మరణం. 12 హెచ్‌పీ ఫైటర్ 3లో ఉండగా ఒకే దెబ్బకి 15 పడితే అంతే. ఓగర్ మామూలు దెబ్బే 2డీ8+4, 15 పడటం దానికి వింతేమీ కాదు. హాఫ్-ఆర్క్ తీసుకుంటే లాంగ్ రెస్ట్‌కి ఒకసారి సున్నాకి బదులు 1 దగ్గర ఆగుతారు. హిల్ డ్వార్ఫ్‌కి లెవెల్‌కో హెచ్‌పీ అదనం, విషానికి రెసిస్టెన్స్ కూడా. క్లాస్ ఏదైనా ఈ రెండు జాతులూ గట్టిదనానికి బాగా కలిసొస్తాయి.

టేబుల్ చూసి ఎంచుకోవడం

ముగ్గురే ఆడుతూ వైద్యం చేసేవాళ్లు ఎవరూ లేకపోతే క్లెరిక్ తీసుకోండి. మీరు గట్టిగా ఉండటమే కాదు, పడిపోయినవాళ్లని 60 అడుగుల నుంచి లేపగలుగుతారు. ఐదుగురుండి అందులో క్లెరిక్ ఉంటే ఫైటర్ లేదా బార్బేరియన్. వీళ్లిద్దరి మధ్య తేల్చుకోలేకపోతే రోజుకి ఎన్ని పోరాటాలో డీఎంని అడగండి: మూడు దాటితే ఫైటర్, లోపైతే బార్బేరియన్. స్పెల్ పేరు చూస్తేనే భయమేసేవాళ్లని ఎవరు ఎంత చెప్పినా క్లెరిక్ వైపు నెట్టొద్దు. టర్న్ వచ్చినప్పుడల్లా ఏం చేయాలో తోచక కూర్చునే క్లెరిక్ కంటే, ముందుకెళ్లి కొట్టే ఫైటర్ వల్లే గుంపు ఎక్కువకాలం బతుకుతుంది.

2024 రూల్స్‌తో ఆడుతుంటే

ఫైటర్‌కి సెకండ్ విండ్ మొదటి లెవెల్లోనే రెండుసార్లు, షార్ట్ రెస్ట్‌కి ఒకటి తిరిగి వస్తుంది. బార్బేరియన్ రేజ్‌ని బోనస్ యాక్షన్‌తో కొనసాగించవచ్చు, పది నిమిషాల దాకా ఉంటుంది, షార్ట్ రెస్ట్‌కి ఒక రేజ్ తిరిగి వస్తుంది. పైన చెప్పిన సంఖ్య చిక్కు చాలావరకు తీరినట్టే, కాబట్టి ఇక్కడ ఫైటర్‌తో సమానంగా బార్బేరియన్‌ని కూడా మొదటి వరసలో పెడతాం. క్లెరిక్‌కి డొమైన్ మూడో లెవెల్లోగానీ రాదు. హెవీ ఆర్మర్ కావాలంటే మొదటి లెవెల్లో డివైన్ ఆర్డర్ దగ్గర ప్రొటెక్టర్ ఎంచుకోవాలి. మరిచిపోయి థామటర్జ్ ఎంచుకుంటే చెయిన్ మెయిల్ ఆశ వదులుకోవాల్సిందే. హీలింగ్ వర్డ్ 2డీ4, క్యూర్ వూండ్స్ 2డీ8 అయ్యాయి. లే ఆన్ హ్యాండ్స్ బోనస్ యాక్షన్ అయింది, హీలింగ్ పోషన్ తాగడం కూడా అంతే.

బాగా తగ్గింది మూన్ డ్రూయిడ్‌కే. సబ్‌క్లాస్ మూడో లెవెల్లో వస్తుంది, ఎలుగు హెచ్‌పీ బదులు లెవెల్‌కి మూడు చొప్పున టెంపరరీ హిట్ పాయింట్లు, అంటే అప్పుడు 9 మాత్రమే. ఏసీ 13కి విజ్‌డమ్ బోనస్ కలుస్తుంది కాబట్టి తక్కువగా తగులుతుంది గానీ, 34 హెచ్‌పీ ఎలుగుని ఆశించి ఈ రూల్స్‌లో డ్రూయిడ్ రాసుకోకండి.